ఎదిగిన బిడ్డతో ప్రయాణము



ఈనాటి ప్రసంగమునకు ఎన్నుకొనిన విషయము నలుగురిలో ఎవరును సాధారణముగా ఎత్తనిది. అయినను మన పల్లెలలో పెక్కు కుటుంబములు దినదినమును మోయుచున్న బరువది. నడువలేని బిడ్డ, మలమూత్రములు తన స్వాధీనములో లేని బిడ్డ, ఎనిమిదేండ్లదో పదునాలుగేండ్లదో, ఇంట ఉన్నది. ఆ బిడ్డను వెంటబెట్టుకొని ఆసుపత్రికో, పెండ్లికో, తీర్థమునకో పోవలసి వచ్చినది. దారిలో ఆ బిడ్డకు డైపరు మార్చుట ఎట్లు? ఇదియే నేటి ప్రశ్న.

పసిబిడ్డ విషయములో ఈ ప్రశ్నయే పుట్టదు. తల్లి ఒడి చాలును, కొంగు చాలును. చూచువారును ముఖము త్రిప్పుకొనరు. ఎదిగిన బిడ్డ సంగతి వేరు. 25 కిలోలో 35 కిలోలో తూగు బిడ్డ ఒడిలో పట్టదు. పడుకొనబెట్టుటకు నిడివిగల బల్ల కావలెను. నలుగురి కన్ను పడకుండ మఱుగు కావలెను. కడుగుటకు నీరు కావలెను. ఈ మూడును దారిలో దొరకవని ఎఱిగిన తల్లి మొదట పెండ్లిండ్లకు పోవుట మానును. పిమ్మట తిరునాళ్లు మానును. తుదకు ఆసుపత్రికి పోవుటయు వాయిదా వేయును. బిడ్డను ఇంట బంధించునది జబ్బని మనము అనుకొందుము గాని, పెక్కుమాఱులు బంధించునది దారిలో ఒక బల్ల, ఒక తెర, ఒక బకెట్టు నీరు లేకపోవుటయే.

ముందుగా ఆ బిడ్డలెవరో తెలిసికొందము. పుట్టుకకు ముందో, పుట్టునప్పుడో, పుట్టిన కొలదికాలమునకో మెదడునకు దెబ్బ తగులుటచే కాలుసేతులు బిగుసుకొనిపోవు జబ్బు ఒకటి కలదు. దానిని వైద్యులు సెరిబ్రల్ పాల్సీ అందురు. కొందఱు బిడ్డలు వెన్నెముక పూర్తిగా మూసికొనకయే పుట్టుదురు. కొందఱికి కండరములు క్రమముగా క్షీణించును. కొందఱికి బుద్ధి వికాసము మిక్కిలి తక్కువగా నుండును. మూత్రాశయము నిండినదను కబురు నరముల ద్వారా మెదడునకు చేరవలెను. ఆగుమని మెదడు మఱల ఆజ్ఞ పంపవలెను. ఈ రాకపోకలు ఎక్కడ తెగినను బిడ్డకు స్వాధీనము తప్పును. ఇది సోమరితనము కాదు, పెంపకపు లోపము కాదు, ఎవరి పాపఫలమును కాదు. అయితే అట్టి బిడ్డలలో కొందఱికి ఓపికతో అలవాటు నేర్పినచో కొంత స్వాధీనము వచ్చును. కావున ఇది ఎన్నటికిని ఇంతే అని మనమే తీర్పు చెప్పక, వైద్యుని అడిగి చూడవలెను.

ఇక డైపరు మార్చుటను వాయిదా వేయరాదని ఏల చెప్పుదురో వినుడు. మూత్రములోని యూరియా అను పదార్థమును సూక్ష్మజీవులు విఱుగగొట్టగా అమ్మోనియా పుట్టును. అది చర్మమునకు సహజముగా నుండు రక్షణను చెఱచును. మలములో ఆహారమును అరగించు ద్రవముల శేషము ఉండును. అవి తడిసి మెత్తబడిన చర్మమునే తినివేయును. ఒకే తీరున గంటలకొలది కూర్చుండు బిడ్డకు పిఱుదులయొద్ద, నడుము క్రింద ఎముక ఒత్తుకొని రక్తప్రసారము తగ్గును. ఒత్తిడియు తడియు కలిసినచోట పుండు పడును. పడుట సులభము, మానుట కష్టము. కావున మూత్రమైనచో మూడు నాలుగు గంటలకొకమాఱు, మలమైనచో ఆ క్షణముననే మార్చవలెను. ఎఱ్ఱబడినచోట వ్రేలితో నొక్కి చూడుడు. నొక్కినను ఆ ఎఱుపు పోకున్నచో అది ఒత్తిడి పుండునకు ఆరంభము. ఎఱ్ఱని మచ్చచుట్టు చిన్న చిన్న పొక్కులు లేచినచో శిలీంధ్రము సోకి యుండవచ్చును. ఈ రెండింటికిని వైద్యుని చూపవలెను.

ప్రయాణమనగానే కొందఱు చేయు పని ఒకటి కలదు. త్రోవలో తడుపకుండునట్లు బిడ్డకు నీళ్లు ఇచ్చుట మానుదురు. ఇది ప్రేమచేతనే చేయుదురు గాని, హాని పెద్దది. నీరు తక్కువైనచో మూత్రము చిక్కబడి వాసన హెచ్చును, చర్మము మఱింత మండును, మూత్రమార్గములో జబ్బు పుట్టుటకు అవకాశము కలుగును. ఇట్టి బిడ్డలకు మలబద్ధకము సహజముగనే అధికము. నీరు మాన్పినచో అది ముదురును. వేసవి ప్రయాణములో వడదెబ్బ భయమును కలదు. కావున నీరు తగ్గింపకుడు, డైపరులనే హెచ్చుగా తీసికొనిపొండు.

ఎన్ని తీసికొనవలెను? లెక్క సులభము. పండ్రెండు గంటల ప్రయాణమునకు మూడు గంటలకొకటి చొప్పున నాలుగు. మలవిసర్జనకై రెండు. బండి ఆలస్యమగునని మఱి రెండు. మొత్తము ఎనిమిది. పెద్దల డైపరులను నడుము చుట్టుకొలతను బట్టి అమ్ముదురు. కావున కొనకముందే దారముతో బిడ్డ నడుము కొలిచికొనవలెను. వదులైనచో ప్రక్కలనుండి కాఱును, బిగువైనచో తొడలు కోసికొనును. వీనిలో రెండు విధములు కలవు. ప్రక్కల అంటుపట్టీలు గలది ఒకటి, లాగువలె తొడుగునది ఒకటి. పట్టుకొని నిలువగల బిడ్డకు లాగువంటిది అనుకూలము. తీయునప్పుడు దానిని క్రిందికి లాగక, ప్రక్కల చించివేయవచ్చును. పడుకొనియే యుండు బిడ్డకు అంటుపట్టీలదే మేలు. దినమునకు నాలుగు చొప్పున నెలకు నూట యిరువది యగును. ఆ ఖర్చు భరింపలేని యింటివారు నూలుగుడ్డను మూడు నాలుగు మడతలు పెట్టి, పైన ప్లాస్టిక్ చెడ్డీ తొడుగుదురు. అందును తప్పు లేదు. తడిసినంతనే మార్చి, సబ్బుతో ఉదికి, ఎండలో ఆరవేసినచో చాలును. ప్రయాణమునకు మాత్రము కొన్ని డైపరులు దాచి యుంచుకొనుట మంచిది.

ప్రయాణమునకు మూడుదినముల ముందునుండి బిడ్డ ఏ వేళ తడుపుచున్నదో, ఏ వేళ మలవిసర్జన చేయుచున్నదో ఒక కాగితముపై వ్రాసి చూడుడు. పెక్కుమందికి భోజనమైన అరగంటలోపల ప్రేగులు కదలును. ఆ వేళ తెలిసినచో బయలుదేఱు దినమున కొంత ముందుగా తినిపించి, ఆ పని ఇంటనే ముగించుకొని, క్రొత్త డైపరు తొడిగి బండి యెక్కవచ్చును. మఱియు తెలియని ఆహారము దారిలో పెట్టరాదు. మూర్ఛకు మందు వాడు బిడ్డకు మందు వేళ తప్పరాదు.

సంచిలో పెట్టుకొనవలసినవి ఇవి. ఆసుపత్రులలో మంచముపై పఱచు రబ్బరు షీటు ఒకటి. పాత నూలుచీర ముక్కలు కొన్ని. ఒక సీసా నీరు, సబ్బు. జింకు కలిసిన లేపనము. చేతి తొడుగులు. రెండు జతల బట్టలు. పాత వార్తాపత్రికలు, మూతి కట్టగల సంచులు. వీనితోబాటు ఒక పలుచని దుప్పటియు, నాలుగు గజముల త్రాడును, బట్టలకు పెట్టు క్లిప్పులును మఱువరాదు. ఈ దుప్పటియే దారిలో మీకు గోడయగును.

ఇప్పుడు మార్చు విధానము. పసిబిడ్డకువలె రెండు మడమలు పట్టి కాళ్లు పైకెత్తరాదు. బిగుసుకొనిన కాళ్లుగల బిడ్డకు తుంటికీలు తొలగియుండవచ్చును. ఎత్తినను, తొడలను బలవంతముగా విడదీసినను నొప్పి కలుగును. మొదట మోకాళ్లు మెల్లగా ముడిచి, వానిక్రింద చుట్టిన తువాలు పెట్టవలెను. మోకాలు ముడిచినచో కాలి బిగువు కొంత సడలును. పిమ్మట పట్టీలు విప్పి, ముందువైపు శుభ్రము చేయవలెను. ఆడబిడ్డకు ఎల్లప్పుడును ముందునుండి వెనుకకే తుడువవలెను. వెనుకనుండి ముందుకు తుడిచినచో మలములోని క్రిములు మూత్రమార్గమునకు చేరును. అటుపైన అవతలి మోకాలు ముడిచి, భుజముమీద ఒక చేయి, తుంటిమీద ఒక చేయి ఉంచి, బిడ్డను మీవైపునకు ఒత్తిగిలజేయుడు. మీవైపునకు త్రిప్పినచో పడిపోవు భయము లేదు. మాసిన డైపరును లోపలికి చుట్టి తీసి, కడిగి, అద్ది తడి ఆర్చుడు. రుద్దరాదు. లేపనము పలుచగా పూయుడు. దట్టముగా పూసినచో డైపరు తడిని పీల్చుకొనలేదు. ముఖమునకు వాడు పౌడరు చల్లరాదు. అది గాలిలో లేచి ఊపిరితో లోపలికి పోవును, తడిచేరి ఉండలు కట్టును. క్రొత్త డైపరును సగము చుట్టి నడుము క్రింద దూర్చి, రెండవవైపునకు త్రిప్పి లాగుడు. క్రింది పట్టీలను ముందు అంటించి, పై పట్టీలను పిమ్మట అంటింపవలెను. తొడలయొద్ద కుచ్చు అంచు లోపలికి మడత పడకుండ వ్రేలితో సరిచేయవలెను. మగబిడ్డకు అంగము క్రిందివైపున ఉండునట్లు చూడవలెను. ఈ రెండు చిన్న సంగతులు తప్పుటచేతనే దారిలో బట్టలు తడియును. ఇద్దఱు మనుష్యులున్నచో ఈ పని పది నిమిషములలో ముగియును. బిడ్డను ఎత్తునప్పుడు ఒక్కరే ఎత్తక, గట్టి దుప్పటిపై పడుకొనబెట్టి ఇద్దఱు చెఱియొక కొసను పట్టి ఎత్తవలెను. తల్లి నడుము చెడినచో ఆ యింటికి దిక్కెవరు?

బస్సు ప్రయాణమునకు ముందే కండక్టరుతో సంగతి చెప్పుడు. చక్రముపైన గల సీటు కుదుపు హెచ్చు, కావున అది వలదు. రెక్సిను సీటుపై నూలుగుడ్డ పఱచినచో చెమటకు ఒఱయదు. బండి ఆగు హోటలువద్ద పదునైదు నిమిషములు కావలెనని కండక్టరుతోను, వెనుక గదిలో కొంత చోటు కావలెనని యజమానితోను అడుగవలెను. అడుగుటకు తల్లికి నోరు రాదు. వెంట పోవు పెద్దవారు ఆ మాట తామే అడిగినచో పని సులభమగును.

రైలులో కొంత సౌకర్యము కలదు. తోడులేనిదే ప్రయాణింపలేని అంగవైకల్యము గలవారికిని, బుద్ధిమాంద్యము గలవారికిని, వెంట పోవు ఒక మనిషికిని స్లీపరు తరగతి టిక్కెట్టులో నూటికి 75 వంతుల రాయితీ కలదు. ఇందులకై వైద్యుని పత్రము చూపి రైల్వేవారి గుర్తింపు కార్డును ముందే పొందవలెను. చాలా ఎక్స్‌ప్రెస్ బండ్లలో చివరి పెట్టెయందు వెడల్పైన తలుపును, విశాలమైన మరుగుదొడ్డియు గల గది అంగవైకల్యము గలవారికై ఏర్పఱచిరి. స్లీపరు పెట్టెలో పోవువారు దారిప్రక్కనున్న బెర్తును గాక, లోపలివైపు క్రింది బెర్తును కోరవలెను. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు నడిమి బెర్తు పైకెత్తి తగిలించి యుండును. ఆ బెర్తు అంచునుండి దుప్పటి వ్రేలాడదీసి క్లిప్పులు పెట్టినచో క్రింది బెర్తు తెర కట్టిన గదివలె నగును. పగటివేళ ఎదుటి ప్రయాణికులను ఒక్కమాట అడిగి, దుప్పటిని ఇద్దఱు పట్టుకొనినను చాలును. దారిలో సహాయము కావలసినచో రైల్వేవారి 139 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

వాడిన డైపరును రైలు మరుగుదొడ్డిలో వేయరాదు. ఇప్పటి బండ్లలో మలమును సూక్ష్మజీవులచే కరిగించు తొట్లు అమర్చిరి. డైపరులోని పొడి తడిని పీల్చి జిగురుగా ఉబ్బును గనుక గొట్టము మూసికొని, పెట్టెలోని వారందఱికిని ఇబ్బంది యగును. మన ఊరి మరుగుదొడ్ల గుంటలకును ఇదే ప్రమాదము. మలమును దొడ్డిలో రాల్చి, డైపరును చుట్టి పట్టీలతో అంటించి, పత్రికలో పొదిగి చెత్తబుట్టలో వేయవలెను. ఇట్టివానిని విడిగా పొదిగి ఇయ్యవలెనని 2016 సంవత్సరపు చెత్త నిర్వహణ నియమములును చెప్పినవి. కాలువలో విసరుటయు, ఇంటివెనుక కాల్చుటయు తగదు.

ఒక మాట బిడ్డ మర్యాదను గుఱించి. మాటలు రాని బిడ్డకు మనసు లేదనుకొనరాదు. దుప్పటి తీయకముందే, "ఇప్పుడు మార్చుచున్నాము నాయనా" అని చెప్పి మొదలుపెట్టవలెను. నలుగురిలో వాసన మాట ఎత్తరాదు. యుక్తవయసు వచ్చుచున్న ఆడబిడ్డకు తల్లియో, నమ్మకమైన స్త్రీయో ఈ పని చేయవలెను. ఎవరెవరు తనను ముట్టవచ్చునో బిడ్డకు తెలియునట్లు చెప్పవలెను. ఇట్టి బిడ్డలకు కీడు చేయువారు కలరు. చెప్పుకొనలేని బిడ్డకు కాపు మనమే.

ఇంతవఱకు కుటుంబము చేసికొనగల పనులు చెప్పితిని. అయితే కుటుంబము ఎంత నేర్పుతో నున్నను బల్లను సంచిలో పెట్టుకొని పోలేదు. ఆ బల్ల ఊరివారు పెట్టవలసినది. పసిపిల్లలకై బస్సు నిలయములలో ఉంచు చిన్న బల్లలు పదేండ్ల బిడ్డ బరువును మోయవు. ఈ లోటును గ్రహించి ఇంగ్లండు మొదలగు బ్రిటిషు ప్రాంతములలో 2006లో ఒక ఉద్యమము పుట్టినది. దాని పేరు చేంజింగ్ ప్లేసెస్. వారు కోరు గది 12 చదరపు మీటర్లది. అందు పెద్దవారు పడుకొనగల, ఎత్తు మార్చగల బల్లయు, మనిషిని ఎత్తు యంత్రమును, తెరయు ఉండును. 2021 జనవరి 1 నుండి ఇంగ్లండులో క్రొత్తగా కట్టు కొన్ని పెద్ద ప్రజాభవనములలో ఇట్టి గది ఉండి తీరవలెనని నిబంధన వచ్చినది. మన దేశములోను 2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము ప్రజాభవనములును, వాహనములును వీరికి అనుకూలముగా నుండవలెనని శాసించినది. ఆరేండ్లనుండి పదునెనిమిదేండ్లవఱకు ఉచిత విద్య హక్కని అదే చట్టము చెప్పినది. మండలములలోని భవిత కేంద్రములకు వారివారి తల్లులు బిడ్డలను తీసికొనిపోవుచున్నారు. బుద్ధిమాంద్యము గలవారికై 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాదులోని మనోవికాసనగరమున కలదు. అయితే అక్కడి వైద్యమును అందుకొనుటకు ముందు దారి దాటవలెను గదా!

యంత్రములు మనకు వెంటనే సమకూడవు. అవి వచ్చువఱకు వేచియుండనక్కఱయు లేదు. ఊరి వడ్రంగి ఒక బల్ల చేయగలడు. నిడివి ఆఱడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు, ఎత్తు నిలుచున్న స్త్రీ నడుమువఱకు. ఒక ప్రక్కను గోడకు ఆనించి, తుడువవీలగు రెక్సిను పఱుపు వేయవలెను. లోపలినుండి వేసికొనగల గడియ, వెలుతురు, నీటి బకెట్టు, సబ్బు, మూతగల చెత్తడబ్బా, బట్టలు తగిలించు మేకు. చక్రాల కుర్చీ ఎక్కుటకు మెట్ల ప్రక్కన వాలుదారి. బిడ్డను బల్లపై నిమిషమైనను ఒంటరిగా విడువరాదని గోడపై వ్రాసి యుంచవలెను. పంచాయతి కార్యాలయములోనో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములోనో, సత్రములోనో, కల్యాణమండపములోనో ఒక మూల ఇందులకు చాలును. పెట్టిన పిమ్మట ఆ గదికి తాళము వేసి విఱిగిన కుర్చీలు నింపకుండ చూచుట మాత్రము పెద్దల పూచీ.

"మా ఊరిలో అట్టి బిడ్డలు ఒకరో ఇద్దఱో. వారికై గదియా?" అని ఎవరైనను అనవచ్చును. బయట కనబడువారినే లెక్కించినచో అంతియే. చోటు లేనందున వారు బయటికి రారు. బయటికి రానందున వారు లేరని మనము అనుకొందుము. ఇంటింట అడిగి చూడుడు. అదియును గాక, ఆ బల్ల ఆ బిడ్డలకే కాదు. పక్షవాతము వచ్చిన తాతకును, మంచము పట్టిన అవ్వకును అదే బల్ల పనికివచ్చును. మన వయసువారిలో ఎవరికి ఎప్పుడు దాని అవసరము కలుగునో చెప్పలేము.

గదికన్న ముందు వచ్చునది పెద్దల నోటిమాట. "ఇంత యెదిగినను ఇంకను మార్చవలెనా?" అని పెండ్లిలో ఒక్కరు అన్నచో ఆ తల్లి మఱల ఏ పెండ్లికిని రాదు. దానికి మాఱుగా, "అమ్మా, లోపలి గదిలో మంచము వేయించితిని, నీళ్లున్నవి, బిడ్డను అక్కడికి తీసికొనిపో" అని ఊరిపెద్ద ఒకరు అన్నచో, విన్న నలుగురును మఱొక మాట అనరు. ఈ మాటకు ఖర్చు లేదు, చట్టము అక్కఱలేదు. మీ ఊరిలో రానున్న పెండ్లికి పందిరి వేయునప్పుడే ఆ మంచము ఎక్కడ వేయవలెనో ఆలోచింపుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.